నాలుగో వలగూడు

కాన్వొకేషన్ ఫొటోకి ఇంకా ఫ్రేమ్ కట్టించని ఆ రోజుల్లో నాకు ఒక్క చేప సంగతి తప్ప అన్నీ తెలుసు. చేపల పెంపకంలోనే పట్టా పుచ్చుకున్నవాణ్ణి కాబట్టి ఆ మాట నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మొదటి ఉద్యోగం బెజవాడకి ఎగువన, కృష్ణ నిండుగా నిలిచే చోట. నీటి మీద తేలే నాలుగు పెద్ద వలగూళ్లు, వాటిలో తిలాపియా చేపలు, మధ్యలో చెక్కల తెప్ప మీద ఒక రేకుల గది. కాపలా, మేత, వైద్యం అన్నీ నేనే. నాకు తోడు ముసురు బాబాయని ఒక పెద్దాయన (ఆకాశం చూసి ముసురు ఎప్పుడు పడుతుందో చెప్పేవాడు, అందుకా పేరు). వలలకి పాచి పట్టింది, దులపాలి సారూ అని ఆయన వారం రోజులుగా పోరుతున్నాడు. ఆదివారం చూద్దాంలే బాబాయ్ అని నేను దాటేస్తున్నాను.

ఆ శనివారం మనవరాలి అన్నప్రాసన ఉందని ఆయన ముందురోజే ఒడ్డుకి వెళ్లాడు. పొద్దున్నే లేచి చూస్తే గాలి లేదు, అల లేదు. ఒడ్డూ కొండలూ పొగమంచులో మాయమైపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఎవరో నములుతున్న చప్పుడు. పళ్లు లేని ముసలివాళ్లు వందలమంది నీళ్లలో కూర్చుని అన్నం తింటున్నట్టు, చప్ చప్ మని, నాలుగు వైపుల నుంచీ. వంగి చూశాను. తెల్లటి గుండ్రటి నోళ్లు తెరుచుకుంటూ మూసుకుంటూ, అన్నీ నా వైపే. మేత చల్లాను. ఒక్క నోరూ ముట్టుకోలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. గదిలోకి దూరి, గడియ పెట్టి, చెవులు మూసుకుని, ఈ చప్పుడు ఆగితే కొండ మీది అమ్మవారికి మెట్లపూజ చేస్తానని మొక్కుకున్నాను (ఎవరిచేతో చేయించడం కాదు, ప్రతి మెట్టుకీ పసుపూ కుంకుమా నా చేత్తోనే). పావుగంటకి నాలుగో గూడు వైపు చప్పుడు ఆగిపోయింది. ఎంత చల్లని తల్లి అనుకున్నాను. కాస్త ధైర్యం వచ్చి, ఈ వింత చెబుదామని బాబాయికి ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నాడు.

"ఆగిపోయిందా?" అన్నాడు.

"ఆగింది బాబాయ్. మొక్కుకున్నాను."

"అది ఆగకూడదు బాబూ. ఊపిరాడక పైకొచ్చి గాలి మింగుతున్నాయవి. ఇంజను బోటెక్కి మిగతా మూడింటి చుట్టూ తిరుగుతా ఉండండి, నీళ్లు కదలాలి. నేనొస్తన్నా."

(ఇదే ప్రశ్న పరీక్షలో వస్తే రెండు పేజీలు రాశాను.) మంచులో దారి కనపడక గుడ్డిగా తిరిగాను. ఇందాక చెవులు మూసుకున్నవాణ్ణి, ఇప్పుడు ఆ నమిలే చప్పుడు ఇంకా ఉందా లేదా అని చెవులు రిక్కించాను. ఎండెక్కి గాలి లేచేసరికి మూడు గూళ్లు బతికాయి. నాలుగోదంతా వెల్లకిలా, తెల్లగా. బాబాయి నన్ను తిట్టలేదు. ఆ వలని తడిమి, కళ్లన్నీ పూడ్చేసి నీళ్లు ఆడనివ్వని పాచిని గుప్పెడు తీసి నా అరచేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ గదిలో కూర్చుని, కొత్తగా చేరినవాళ్లకి వలలు దులపమని చెబుతుంటాను. రేకుల గదిలో గడియ పెట్టుకున్న ఆ మొనగాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కొండ కింద నుంచి బండి మీద వెళ్తున్నప్పుడు మాత్రం తల పక్కకి తిప్పుకుంటాను. అమ్మవారు నేనడిగింది అడిగినట్టే ఇచ్చింది. మెట్లపూజ మాత్రం ఈనాటికీ చేయలేకపోయాను.