తెర మీద బాపు పేరు

మొన్న ఆదివారం మా అక్క కూతురు పట్టుబట్టి నన్ను సుబేదారిలో వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ల సమావేశానికి తీసుకెళ్లింది. ఒకప్పుడు ఆ పనే చేసి మానేసినదాన్ని, ఊరికే ఇంట్లో కూర్చోవద్దని దాని పోరు. వేదిక మీద ఒక అమ్మాయి తన ఫోనులో తెలుగు పేజీ తెరిచి పెద్ద తెర మీదికి పంపితే, ఒత్తులూ గుణింతాలతో సహా అక్షరాలన్నీ చక్కగా వచ్చి కూర్చున్నాయి. అదొక విశేషమని ఎవరికీ తోచినట్టు లేదు. నాకు సంతోషమో దుఃఖమో ఏదో ఒకటి కలగాలి కదా అని కాసేపు ఎదురుచూశాను, ఏదీ రాలేదు.

మన కాలపు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఏ కంప్యూటర్లో తెలుగు ఫాంటు వేసుకుంటే అందులోనే తెలుగు కనిపించేది, పక్కదానిలో తెరిస్తే అవే అక్షరాలు అర్థంలేని ఇంగ్లీషు ముక్కలైపోయేవి. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్నమాట. పని నేర్చుకున్న కొత్తలో, మట్టెవాడలో మా నాన్న, మేం పిలిచే పిలుపులో బాపు, జంపఖానాలు నేసే సంఘానికి నేనొక పేజీ చేసి, నేసేవాళ్ల పేర్లన్నీ వరుసగా వేసి, మొదటి పేరు బాపుది పెట్టాను. బడి మొహం చూడని బాపుకు, సంఘం కాగితాల మీద సంతకం కోసం నేర్చుకున్న తన పేరొక్కటే చదవడం వచ్చు. ఆ ఒక్క పేరూ ఆయన తెర మీద చదువుకోవాలని నా ఆశ. అందుకే ముందుగా ఏమీ చెప్పకుండా, మాలాంటివాళ్లం పదిహేనుమందిమి కలిసి పెట్టుకున్న మొదటి సమావేశానికి, ఉతికిన ధోవతి కట్టించి మరీ తీసుకెళ్లాను.

ఇంతా చేసి, హాల్లో కంప్యూటర్లో ఫాంటు వేయడం మరిచిపోయాను. పేజీ తెరవగానే తెర నిండా పిచ్చి అక్షరాలు. ఫాంటున్న ఫ్లాపీ సంచిలోనే ఉంది, ఐదు నిమిషాల పని, మాకు పని నేర్పిన సారు కూడా వేయమనే అన్నారు. అంతలో ముందు వరుసలోంచి బాపు లేచి, వెనక్కి తిరిగి, అందరికీ వినపడేలా "సూసిండ్రా, నా బిడ్డ అంత ఇంగ్లీషులనే రాసింది" అన్నాడు.

నేను ఫ్లాపీ తీయలేదు. అవసరం లేదు సార్ అని చెప్పి, ఆ పిచ్చి అక్షరాల ముందే మాట్లాడడం ముగించాను.

బాపు ఆ మాట వాడంతా చెప్పుకున్నాడు, ఏళ్ల తరబడి చెప్పుకున్నాడు. ఒకరోజు తీసుకెళ్లి అసలు పేజీ చూపిద్దామని చాలాసార్లు అనుకున్నాను, కానీ ఇన్నాళ్లూ నువ్వు గొప్పగా చెప్పుకున్నది నా పొరపాటు అని ఏ నోటితో అనను? తర్వాత ఆయన కళ్లకు పొరలొచ్చాయి, ఆ తర్వాత ఆయనే లేడు.

ఆయన సంతోషం చెడగొట్టలేకే ఊరుకున్నానని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. ఫాంటు మరిచిన మనిషిని అనిపించుకోవడం కంటే ఇంగ్లీషు వచ్చిన బిడ్డగా ఉండిపోవడమే నాకు నచ్చిందేమో అని మొన్న ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తోచింది. తోచినా గుండె బరువెక్కలేదు, భోజనానికి పిలిస్తే వెళ్లి తిన్నాను. ఇప్పటి పిల్లలు రాసింది వాళ్ల అమ్మానాన్నలు తమ ఫోనుల్లోనే చదువుకుంటున్నారు. మా బాపు మాత్రం తన పేరుకు ఎదురుగా నిలబడి, అది తన పేరని తెలియకుండానే, మురిసిపోయి ఇంటికొచ్చాడు.