సైదాబీ పూచీ

గురజాలలో సైదాబీ కూలీల మేస్త్రి. మిర్చి కోతలప్పుడు రైతులు ఫోన్ చేస్తే ఆడవాళ్ళను పోగుచేసి, భర్త జాన్ సాహెబ్ ఆటోలో చేలకు తీసుకెళ్ళేది. తానూ వాళ్ళతో సమానంగా కాయ కోసేది. మనిషికి ఇంత అని రైతు ఇచ్చే కమీషన్ ఆమెకు అదనం. శనివారం కూలి డబ్బులు రైతు దగ్గర తీసుకుని తన చేత్తోనే పంచేది.

ఆ ఏడు రెంటచింతల వైపు శివరామయ్య అనే కౌలు రైతు చేలో పని ఒప్పుకుంది. మొదట్లో కూలి సరిగ్గానే వచ్చింది. ఇంతలో మిర్చి ధర పడిపోయింది. పెరిగాక అమ్ముదామని శివరామయ్య అప్పటిదాకా కోసిన కాయంతా కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. కూలి ఆగిపోయింది.

తర్వాతి సోమవారం ఆడవాళ్ళు ఆటో ఎక్కలేదు. అందరిలోకీ పెద్దదైన కోటమ్మ అడిగేసింది.

"ఆయన ఇయ్యకపోతే మా గతేంది సైదాబీ?"

"ఆయన ఇయ్యకపోతే నేనిస్తా అత్తా. నాదీ పూచీ. ఎక్కండి."

చేలో కాయ రాలిపోతోందని శివరామయ్య అంతకుముందే ఫోన్‌లో బతిమాలాడు. పైగా కోత మొత్తానికీ కమీషన్ ఆమె ముందే పుచ్చుకుంది. అందుకే ఆ మాట అంత తేలిగ్గా వచ్చింది.

కోత ముగిసింది. డబ్బు రాలేదు. ఆడవాళ్ళు శివరామయ్య ఇంటికి వెళ్ళలేదు, సైదాబీ గుమ్మంలోకి వచ్చారు.

"నీ కమీషన్ నీకు ముట్టింది గదా. మా కడుపులే కాలాల్నా?" అంది కోటమ్మ.

వాళ్ళు వెళ్ళాక సైదాబీ గడపలోనే కూర్చుని ఎవరికెంత రావాలో లెక్కేసుకుంది.

మర్నాడు జాన్ సాహెబ్ ఆమెను కోర్టు దగ్గరున్న వకీలు జ్యోతిర్మయి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె అంతా విని, "పని ఆయనది, కూలి ఆయనే ఇవ్వాలమ్మా. మధ్యలో మనిషివి, నువ్వు చేతినుంచి కట్టక్కర్లేదు. నాదీ పూచీ అని నువ్వే అనుంటే మాత్రం వేరు" అంది.



బయటికి రాగానే జాన్ సాహెబ్ అన్నాడు. "కాగితమేం రాసియ్యలేదు గదా. అన్లేదని చెప్పు."

"ఆ పొద్దు ఆటోలో నువ్వు గూడా ఉన్నావు. నువ్వు విన్లేదా?"

అతను ఆటో స్టార్ట్ చేశాడు.

శివరామయ్య దగ్గరికి కూడా వెళ్ళింది. ఆయన మొహం చాటేయలేదు. "ఎగ్గొట్టేవాణ్ణి కాదమ్మా. స్టోరేజీలో ఉన్న ఆ మిర్చి టిక్కీల మీద పురుగుమందుల కొట్టాయన అప్పుంది. ఆయన ఒప్పుకోందే బస్తా కదల్దు" అన్నాడు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది.

గొలుసూ కమ్మలూ బ్యాంకులో పెట్టి, వచ్చిన డబ్బుతో అందరికీ సగం సగం ఇచ్చింది. "మిగతాది?" అని అడిగారే గాని, ఇచ్చినదాని గురించి ఒక్కరూ మంచి మాట అనలేదు. జ్యోతిర్మయి ఆడవాళ్ళందరి పేరునా శివరామయ్యకు నోటీసు పంపింది.

ఎండాకాలం చివర ఆయన నష్టానికే కాయ అమ్మి, అప్పు పోగా మిగిలింది తెచ్చాడు. అది మిగతా సగానికి సరిపోయింది. ఆడవాళ్ళు తీసుకున్నారు.

"మరి నేను పెట్టింది?" అని సైదాబీ అడిగింది.

"అది ఆయన్నే అడుక్కో. మాకు రావాల్సింది మాకొచ్చింది" అంది కోటమ్మ. అందులో తప్పేమీ లేదని సైదాబీకీ తెలుసు.

శివరామయ్య వచ్చే పంటకిస్తానన్నాడు. తీరా ఆ ఏడు కౌలు దొరక్క, పిడుగురాళ్ళలో సున్నం బట్టీల దగ్గర కాపలాకు కుదిరాడు. ఆయన్ని మళ్ళీ అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

మళ్ళీ కోతలు మొదలయ్యేసరికి ఆడవాళ్ళు వేరే మేస్త్రి కింద చేరారు. ఒక రైతు ఫోన్ చేసి మనుషులు కావాలని అడిగితే, సైదాబీ ఆ మేస్త్రి నంబరు చెప్పింది. ఆ మర్నాడు జాన్ సాహెబ్ ఆటోలోనే, కోటమ్మ పక్కనే ఇరుక్కుని కూర్చుని, తానూ ఆ మేస్త్రి కింద కూలికి బయల్దేరింది.