కొత్త ఇంజనులో కిరోసిన్

మా ఇంటాయన జనగామలో జీపు నడిపినన్నాళ్లూ డీజిల్‌లో రేషన్ కిరోసిన్ కలిపేవాడు. జీపు నల్లటి పొగ కక్కేది, అయినా నడిచేది. ఆ పొగే ఆయన రొమ్ములో చేరిందని తర్వాత డాక్టర్లు చెప్పారు.

మా కొడుకు కార్ల కంపెనీలో ట్రయల్ డ్రైవరయ్యాడు. తక్కువ డీజిల్ తాగి, తక్కువ పొగ విడిచే కొత్త ఇంజనును తయారు చేస్తున్నారట. దాన్ని బిగించిన కారును ఎండలో, బొగ్గు దుమ్ములో, జనగామ నుంచి మానుకోట మీదుగా భూపాలపల్లి దాకా తిప్పడం వాడి పని. ట్రయల్ సక్రమంగా ముగిస్తే ఉద్యోగం పర్మినెంటు.

తెలంగాణ కోసం సమ్మె సాగుతున్న రోజులవి. బస్సుల్లేవు, బంకులు మూసేశారు. ట్యాంకు అడుగంటి, కారు నర్సింహులపేటలో మా ఇంటి ముందే ఆగింది. ఒక పొద్దున కొడుకు స్నానానికి పోగానే, మా ఆయన ఇంట్లోని కిరోసిన్ డబ్బా తీసుకెళ్లి ట్యాంకులో వంపాడు. సాయం చేశాననే అనుకున్నాడు.

"ఏం చేసినవ్ బాపూ! గీ ఇంజను గాసునూనెకు ఓర్వది. పంపు అరిగిపోతది."

"సాలు తియ్! గా నూనె తాగిన జీపే నిన్ను సదివించింది."

నవ్వబోయిన మనిషికి దగ్గు తెర వచ్చింది. ఆగలేదు. పెదవులు నీలంగా మారాయి. ఊళ్లో ఏ బండికీ డీజిల్ లేదు.

కొడుకు నా వైపు చూశాడు. "అవ్వా, గిప్పుడు స్టార్ట్ చేస్తే ట్రయల్ ఖతం. ట్యాంకు కడిగినా పోసెతందుకు డీజిల్ లేదు."

"ఇంజను మల్ల చేస్తరు బిడ్డా. బండి తియ్యి."

మానుకోట దారిలో ఉద్యమకారులు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. ఒకామె కారులోకి వంగి చూసి, "ముసలాయనకు పానం బాగలేదు, పొయ్యి జరపుండ్రి!" అని కేకేసింది. మండుతున్న కట్టెలు ఈడ్చి దారిచ్చారు. అప్పటికే ఇంజను గొంతు మారింది. దవాఖాన గేటు దాటగానే ఆగింది, మళ్లీ స్టార్టవలేదు.

ఆయన బతికాడు. కొడుకు కంపెనీకి ఫోన్ చేసి, కిరోసిన్ తానే పోశానన్నాడు. ఉద్యోగం పోయింది.

కాస్త ఊపిరి కుదిరాక ఆయన అడిగాడు: "బండి ఎట్లున్నదిరా?"

"మంచిగున్నది బాపూ."

"నేను చెప్పలే? గాసునూనెకు ఏం కాదు."

"అవు బాపూ."

బయట కంపెనీవాళ్లు ఆ కారును లారీ మీదికి ఎక్కిస్తున్నారు. నేను లేచి కిటికీ తలుపు వేశాను.