సేటు వెనక సీట్లోకి మారాక

సదానందం గొంతు పెద్దది. చొప్పదండిలో మరమగ్గాల మధ్య పెరిగినవాడి గొంతు ఇంకెలా ఉంటుంది? ఆ చప్పుడులో పక్కవాడిని గుక్కెడు నీళ్లడగాలన్నా అరవాల్సిందే. మగ్గం వదిలి స్టీరింగు పట్టి సగం బతుకు గడిచినా గొంతు తగ్గలేదు. పాత కారులో ఆ గొంతుతో ఎవరికీ ఇబ్బంది రాలేదు. కారు అతని కంటే ఎక్కువ అరిచేది మరి.

ఓంప్రకాశ్ సేటుది కరీంనగర్‌లో కాపురం, ఆదిలాబాద్‌లో పత్తి మిల్లు. వారం వారం పోవాలి, రావాలి. వెనక కూర్చుంటే సేటుకు కడుపులో తిప్పేది. అందుకని ముందు, సదానందం పక్కనే కూర్చునేవాడు. ఒడిలో పల్లీల పొట్లం, పొట్టు మొత్తం సీటు కింద, దారి పొడుగునా ముచ్చట్లు. ఎక్కడ వాన పడ్డది, ఎవరి పత్తి తడిసింది, జమ్మికుంట మార్కెట్‌లో ఎవడు ఎవడిని ముంచాడు, పెద్దల్లుడికి అంత పొగరెందుకు, అన్నీ అందులోనే. ఏ ముచ్చటైనా చివరికి ఒక్కచోటికే వచ్చి ఆగేది.

"నువ్వైతె ఏం జేస్తవ్ సదానందం?"

సదానందం చెప్పేవాడు. సేటు వినేవాడు. చెప్పినట్టు చేసేవాడా అంటే, ఏనాడూ చేయలేదు. కానీ అడగడం మానలేదు. భార్య పోయాక సదానందాన్ని నీకేమనిపిస్తుందని అడిగే మనిషి సేటు ఒక్కడే. జమ్మికుంటలో ఇచ్చిన కూతురు ఫోన్ చేస్తుంది. "తిన్నవా బాపు?" అంటుంది. ఇతను "తిన్న బిడ్డా" అనేలోపు అక్కడ పిల్లలు కొట్టుకుంటారు, ఫోన్ పెట్టేస్తుంది. ఇక సేటు ఇంటి వెనక రేకుల గదిలో అంత పెద్ద గొంతు వేసుకుని గోడలతో ఏం మాట్లాడతాడు?

అలాంటివాడి నెత్తిన కొత్త కారు వచ్చి పడింది.

దాన్ని కారనడానికి కూడా నోరు రాదు. పెళ్లివారి విడిదికి చక్రాలు పెట్టినట్టుంది. హైదరాబాద్ షోరూమ్ నుంచి సాయిచంద్ అనే ఉద్యోగి తెచ్చాడు. వెనక తలుపు తీసి ఒక్కొక్కటే చూపించాడు. సీటు మంచంలా పడుకుంటుంది. కాళ్ల కింద మెత్త లేస్తుంది. వీపు పిసుకుతుంది. పైనుంచి టీవీ దిగుతుంది. దారిలో గుంత ఉంటే కారే ముందుగా చూసి సర్దుకుంటుంది, లోపలున్నవాళ్లకు కుదుపు తెలియదు. ముందు బండికి ఎంత ఎడం ఉండాలో అదే చూసుకుంటుంది. ఎవరైనా అడ్డమొస్తే అదే బ్రేకేస్తుంది.

"గన్ని అదే జేస్తె మరి నేనెందుకు?" అన్నాడు సదానందం.

"చేతులు స్టీరింగు మీద ఉండాలె గద కాకా."

"అంటే గుడిల కూసున్నట్టు దండం పెట్టుకొని కూసోవాల్నా?"

సేటు పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే వెనక సీట్లోకి ఎక్కాడు. ఎక్కినవాడు మళ్లీ ముందుకు రాలేదు. కడుపులో తిప్పకపోతే ముందు కూర్చోవాల్సిన అవసరమేముంది?

మొదటి ప్రయాణంలోనే సదానందం అలవాటుగా నోరు తెరిచాడు. ఆ కారులో ముందువాళ్ల మాటను పట్టి వెనక స్పీకర్లలో వినిపించే ఏర్పాటు ఉంది. మామూలు మనుషులకైతే బాగానే ఉంటుంది. సదానందం గొంతుకు అది తోడయ్యేసరికి సేటు ఉలిక్కిపడి లేచాడు.

"అరే బాబా! నా చెవులు పోతున్నయ్!"

చేతి కింద ఉన్న తెర మీద ఏదో నొక్కాడు. ఆ ఏర్పాటు బంద్ అయింది. సదానందం వెనక్కి తిరిగి మాట్లాడదామని చూశాడు. డ్రైవర్ కళ్లను కనిపెట్టుకుని ఉండే కెమెరా ఒకటి ఉంది. అది టింగు టింగుమని గోల పెట్టింది, రోడ్డు చూడమని తెర మీద అక్షరాలు వేసింది. అద్దంలో చూద్దామంటే సేటు కళ్లు మూసుకుని వీపు పిసికించుకుంటున్నాడు. నిర్మల్ దాటాక కారు తెర మీద చాయ్ కప్పు బొమ్మ ఒకటి చూపించింది. అలసినట్టున్నావు, ఆగి ఏదైనా తాగు అని దాని అర్థం. ఆ రోజు మొత్తంలో సదానందాన్ని చాయ్ తాగమన్నది ఆ కారొక్కటే. అది కూడా బొమ్మ చూపించి ఊరుకుంది.

ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. దసరా వచ్చింది.

సేటు భార్య మమతారాణికి బండి పూజ అంటే మాటలు కాదు. గుమ్మడికాయ కొట్టించింది. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది. సదానందం కారు ముందు బారెడు బంతిపూల దండ కట్టి, నడుమనున్న కంపెనీ గుర్తు మీద పసుపు ముద్ద మెత్తి కుంకుమ బొట్టు పెట్టాడు. బండికి నుదురంటే అదే కదా. ఆ గుర్తు వెనకే కారు దారి చూసే కన్ను ఉందని సాయిచంద్ చెప్పిన మాట ఎవరికి గుర్తుంటుంది?

"రేపు మిల్లుల పత్తి కొనే ముహూర్తం అయ్యేదాక గా బొట్టు ఎవ్వలు ముట్టద్దు," అని మమతారాణి గట్టిగా చెప్పింది.

తెల్లారి బయల్దేరారు. గంగాధర దాటాక కారు కీచుమని అరిచి ఉన్నచోటే ఆగిపోయింది. కాళ్లు చాపుకుని పడుకున్న సేటు జారి కిందికొచ్చాడు.

"ఎవడడ్డమొచ్చిండు?"

"ఎవ్వలు రాలే సేటు."

"మరెందుకాపినవ్?"

"నేనాపలే. గిదే ఆగింది. మన బంతిపూల దండను చూసి దడుసుకున్నట్టుంది."

సేటు సాయిచంద్‌కు ఫోన్ కలిపాడు. అతను అంతా విని, ముందున్నవి తీసేసి ఆ గుర్తును తుడవమన్నాడు.

"బొట్టు తుడవాల్నా? మా ఇంటామె మనిద్దర్ని కలిపి తుడుస్తది!"

"అయితే అది సొంతంగ చేసేటివన్నీ బంద్ చేసి మామూలు కారు లెక్క నడపమనుండ్రి సర్."

అన్నీ బంద్ చేశారు. సేటుకు వెనక కూర్చోవాలంటే ధైర్యం చాలలేదు. దిగి వచ్చి ముందు సీట్లో కూర్చుని బెల్టు బిగించుకున్నాడు.

"ఇప్పుడేదన్న అడ్డమొస్తె ఎవరాపుతరు సదానందం?"

"గిన్నేండ్లు ఎవలాపిన్రు సేటు?"

సేటు నవ్వాడు. ఆ నవ్వుతో దారి తెరుచుకుంది. నిర్మల్‌లో పల్లీలు కొన్నారు. కొత్త కారని చూడకుండా పొట్టు కింద రాల్చారు. సేటు పత్తి ముచ్చటతో మొదలుపెట్టి మెల్లగా అసలు గుబులులోకి వచ్చాడు. మిల్లు చూసుకుంటానని పెద్దల్లుడు ఒత్తిడి చేస్తున్నాడట.

"నువ్వైతె ఏం జేస్తవ్?"

"నేనైతె ఇయ్య. ఇచ్చినంక మన గేటు కాడ మనమే హారన్ కొట్టుకుంట నిలబడాలె."

సేటు పల్లీలు కొన్ని తీసి సదానందం అరచేతిలో పోశాడు.

ముహూర్తం అయింది. ఇంటికొచ్చాక సదానందం దండ తీసి, పసుపు కడిగి, కారు అద్దంలా తుడిచాడు. తుడిచాడు కానీ, మనసు ఊరుకోలేదు. మళ్లీ వారం బయల్దేరే పొద్దున వంటింటి గడప దగ్గరికి పోయి పసుపు అడిగి తెచ్చుకున్నాడు. ముద్ద చేసి ఆ గుర్తు మీద దట్టంగా మెత్తాడు. తప్పని తెలియదా? తెలుసు. సేటు కోసం ముందు తలుపు తీసి నిలబడ్డాడు.

సేటు వచ్చాడు. సదానందం ఇంజన్ వేశాడు. కన్ను పనిచేయడం లేదని తెర మీద ఎర్రగా వచ్చింది. సేటు ముందుకు పోయి వంగి చూశాడు. వేలితో పసుపు తాకి, వేలు పైకెత్తి చూసుకున్నాడు.

"గిది తడిగున్నది సదానందం."

సదానందం దిగివచ్చి తల వంచుకున్నాడు.

"ఎందుకు పెట్టినవ్?"

జవాబు ఉంది. మీరు నా పక్కన కూర్చోవాలని సేటు, అంతే. ఇన్నేళ్లు ఊరంతా వినేలా మాట్లాడిన ఆ గొంతులోంచి ఆ నాలుగు మాటలు బయటికి రాలేదు.

"గిట్లనే... ఊకెనే సేటు."

"నేను సావాల్నా రోడ్డు మీద?"

"అయ్యో, గట్లెందుకంటరు..."

సేటు తిట్టలేదు. తిడితే బాగుండేది. జేబులోంచి రుమాలు తీసి, ఆ గుర్తును తనే శుభ్రంగా తుడిచాడు. పసుపైన రుమాలు సదానందం చేతిలో పెట్టి, తెరిచి ఉన్న ముందు తలుపు వేసి, వెనక ఎక్కాడు.

జగిత్యాల పోయింది, నిర్మల్ వచ్చింది. కారు తన పని తను చేసుకుంటోంది. సదానందం చేతులు స్టీరింగు మీద ఉన్నాయి. నేరడిగొండ దగ్గర వెనక నుంచి మాట వచ్చింది.

"సదానందం, ఏసీ జర తగ్గియ్యి. చలి పెడుతున్నది."

ఏసీ తగ్గించే మీట సేటు చేతి కిందే ఉంది. అది సదానందానికి తెలుసు, సేటుకూ తెలుసు. సదానందం చేయి చాపి తగ్గించాడు.

"తగ్గిచ్చిన సేటు," అన్నాడు, వీలైనంత మెల్లగా.

ఇంకో మాట వస్తుందేమోనని చెవులు వెనక్కి పెట్టుకుని నడిపాడు. ఇచ్చోడ వచ్చింది. గుడిహత్నూర్ వచ్చింది. ఆదిలాబాద్‌లో మిల్లు గేటు వచ్చింది. సేటు దిగి లోపలికి పోయాడు.