బ్యాలెట్ వెనక వైపు

అమెరికా అధ్యక్షుడి పదవీకాలం సగంలో వచ్చే మధ్యంతర ఎన్నికలు ముగిశాయి. ఆ తర్వాత వారమంతా ఒహాయో నది ఒడ్డున ఉన్న మా ఊళ్ళో ఒకటే తగువు: మా పార్టీది ప్రభంజనమా, ఉత్త గెలుపా? మా కౌంటీలో, అంటే మా జిల్లాలో, పోటీ పడిన ప్రతి పదవీ మాకే దక్కింది. పార్టీ ఆఫీసు కిటికీకి "ప్రభంజనం" అని రాసిన గుడ్డ కట్టారు. ఆ గెలుపు కోసం అందరికంటే ఎక్కువ గడపలు తొక్కిన వర్నా క్రెబ్స్ మాత్రం దాని ముందు నుంచి వెళ్తూ తలెత్తి చూడలేదు.

వర్నా గాజు ఫ్యాక్టరీలో గ్లాసుల్ని కాగితంలో చుట్టి పెట్టెల్లో సర్దేది. కొలిమి దగ్గర పనిచేసే డెల్బర్ట్‌ను అక్కడే పెళ్ళాడింది. సమ్మె రోజుల్లో గేటు ముందు డ్రమ్ములో మంట వేసుకుని ఇద్దరూ చలిలో నిలబడ్డారు. పిల్లల్లేరు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆమెకు పార్టీయే పని, పార్టీయే బంధువర్గం.

డెల్బర్ట్‌కు పక్షవాతం వచ్చింది. మంచాన పడ్డవాళ్ళ కోసం కౌంటీ నడిపే హోమ్‌లో అతనికో మంచం దొరికింది. ఇంటి నుంచి రెండు వీధులు. చూపు మందగించి కారు మానేసిన వర్నా రోజూ సాయంత్రం నడిచి వెళ్ళి రాత్రి భోజనం తన చేత్తో తినిపించి వచ్చేది. మాట పోయిన మనిషి ఆ చెంచా దగ్గర మాత్రం ఆమెను గుర్తుపట్టి నవ్వేవాడు.

ఆ హోమ్ నడిచేది ఒక చిన్న పన్ను మీద. కొన్నేళ్ళకోసారి ఓటర్లు సరేనంటేనే అది కొనసాగుతుంది. ఈసారి ఆ ప్రశ్న బ్యాలెట్ కాగితం వెనక వైపు పడింది.

మా దగ్గర ఓటర్లకు పార్టీ ఒక కార్డు ఇస్తుంది. బ్యాలెట్ మీద ఎవరి పేరు పక్కన గుండ్రం నింపాలో అందులో ఉంటుంది. జనం దాన్ని బూత్‌లోకి పట్టుకెళ్ళి అచ్చం అలాగే నింపుతారు. "కార్డు చూసి నింపండి, సొంత తెలివి చూపించకండి" అని నవ్వుతూ వాళ్ళకు ఏళ్ళ తరబడి అలవాటు చేసింది వర్నాయే.

అక్టోబరులో కొత్త కార్డులు రాగానే ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, కౌంటీ పార్టీ అధ్యక్షుడు రాయ్స్ టింగ్లీని అడిగింది.

"బ్యాలెట్ వెనక వైపుది ఇందులో వేయించలేదేం రాయ్స్? హోమ్ పన్ను అక్కడే కదా ఉంది."

"మన కార్డు మీద పన్ను అన్న మాట వద్దు వర్నా. అది చూస్తే ముందు వైపు మన అభ్యర్థుల ఓట్లు కూడా చెడతాయి. అయినా హోమ్‌ని ఎవరు కాదంటారు? నువ్వు నోటితో చెప్పు, చాలు."

గెలుపు ముఖ్యమనుకుని ఆమె ఊరుకుంది. గడప గడపకీ వెళ్ళి నోటితోనే చెప్పింది. "డెల్బర్ట్ ఉన్న చోటేగా, మా ఓటు నీదే" అన్నారందరూ.

హోమ్ పన్ను ఓడిపోయింది.

వంతెన పక్క డైనర్‌లో గురువారం పొద్దున తగువు ముదిరింది. రాయ్స్ ఎదురుగా వెండెల్ ప్రూయిట్ కూర్చున్నాడు. సరుకు పడవల మీద పనిచేసి రిటైరైన మనిషి, ఎదుటి పార్టీ.

"దీన్ని ప్రభంజనం అనకపోతే ఇంకేమంటావురా?" అన్నాడు రాయ్స్, గుడ్ల మీద మిరియాల పొడి చల్లుకుంటూ.

"సగం మంది ఇళ్ళు కదల్లేదు. వచ్చినవాళ్ళ ఓట్లలో సగానికి కాస్త పైన మీకు పడ్డాయి. దీన్ని మా ఇంట్లో టేబుల్ ఫ్యాన్ అంటాం."

"ఓడినోడికి గాలి ఎప్పుడూ తక్కువే తగుల్తుందిలే."

"మీ గాలికి నా కాఫీ చల్లారుతోంది. తాగి ఏడవండి ముందు" అంది వడ్డించే ఒలీటా.

వర్నా లోపలికొచ్చి, కోటు విప్పకుండానే వాళ్ళ బల్ల దగ్గర ఆగింది.

"రాయ్స్, నువ్వు కాగితం తిప్పావా?"

"ఏ కాగితం?"

"బ్యాలెట్. వెనక్కి తిప్పావా?"

రాయ్స్ చేతిలో ఫోర్కు ఆగింది. "కార్డు చూసి నింపి ఓట్లు లెక్కపెట్టే మెషిన్లో పెట్టేశాను వర్నా. కారెక్కాక గుర్తొచ్చింది."

"నువ్వు, వెండెల్?"

"డెల్బర్ట్‌కి వేద్దామనే వెళ్ళాను, ఒట్టు. మా పార్టీ కార్డూ ఒకవైపే ఉంది మరి."

కాఫీ కూజా పట్టుకుని ఒలీటా నేల చూసింది. "నేనూ అంతేనమ్మా."

వెనక వైపు ఖాళీగా వదిలిన కాగితాలు పన్ను ఓడిన తేడా కంటే చాలా ఎక్కువ. పన్ను వద్దన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ తిప్పడం మరిచిపోలేదు.

"వచ్చే ఎన్నికల్లో మళ్ళీ పెడదాం. ఇంత మెజారిటీ ఉంది మనకి" అన్నాడు రాయ్స్.

"అందాకా డెల్బర్ట్‌ని ఎక్కడ పడుకోబెట్టమంటావు? నీ మెజారిటీ మీదా?"

ఆమె ఏమీ తాగకుండానే వెళ్ళిపోయింది.

పదవులు లెక్కపెట్టుకుని అది ప్రభంజనమే అని చాలామంది ఇప్పటికీ అంటారు. నేను ఒప్పుకోను. మంచం పట్టినవాళ్ళ మంచాలు పోతుంటే చూస్తూ ఊరుకున్న గెలుపును ఆ మాటతో పిలవడానికి నాకు నోరు రాదు. అందులో రెండు పార్టీలకూ వాటా ఉంది.

క్రిస్మస్‌కు ముందే హోమ్ మూసేశారు. డెల్బర్ట్‌ను కొండలకు అవతల, వేరే కౌంటీలోని ప్రైవేటు హోమ్‌కు తరలించారు. అటు బస్సు లేదు. ఆదివారాలు వెండెల్ తన ట్రక్కులో వర్నాను తీసుకెళ్ళేవాడు. దారిలో ఇద్దరూ రాజకీయాలు ఎత్తేవారు కాదు. మంచు పడితే ఆ వారం ప్రయాణం లేదు.

జనవరిలో మంచు చాలా పడింది. ఫిబ్రవరిలో దారి తెరుచుకున్నాక వెళ్ళేసరికి డెల్బర్ట్ బాగా చిక్కిపోయి ఉన్నాడు. వర్నా కుర్చీ దగ్గరకు జరుపుకుని, చిదిమిన బంగాళాదుంప చెంచాతో నోటికి అందించింది. పరాయి మనిషి పెడితే తిన్నట్టు బుద్ధిగా తిన్నాడు. నవ్వలేదు. ఆమె ముఖం వైపు ఒకసారి చూసి, కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

"డెల్, నేనే" అంది వర్నా.

చీకటి పడకముందే కొండ దాటాలని వెండెల్ గుమ్మంలో టోపీ పట్టుకుని నిలబడ్డాడు. "ఇంకొంచెం ఉందాం, వర్నా, పర్లేదు" అన్నాడు. ఆమె మగడి మూతి తుడిచి, గిన్నెలో మిగిలింది చూసి, మరో చెంచా నింపింది.