రాలేరని రుజువైన తనిఖీ

మా కాలేజీ లైబ్రరీలో, పోటీ పరీక్షల గైడ్ల వెనకాల, ఒక ఇనుప బీరువా ఉంది. అందులో ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక తత్వశాస్త్ర పత్రిక పాత సంచికలు బైండు చేసి పెట్టారు. దాని తాళం చెవి నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది, ఇంకెవరూ అడగరు కాబట్టి. కర్నూలు ఎండకు బైండింగు జిగురు ఎండిపోయి పేజీలు ఊడుతుంటాయి. అయినా ఆ బీరువా అంటే నాకు ప్రాణం. కడపలో ఉండే మా అమ్మ మాత్రం, "అవి సదివి సదివి నీకు ముక్కు మీద కోపమొచ్చింది గానీ ఇంగేమొచ్చింది?" అంటుంది.

ఆ పత్రికలో ఒకాయన ఒక చిక్కుముడి వేస్తాడు. తర్వాతి సంచికలో ఇంకొకాయన "మీరు పొరబడ్డారు" అంటాడు. మూడో ఆయన వచ్చి ఇద్దరినీ కలిపి ఉతుకుతాడు. లేని రాజుకు బట్టతల ఉన్నట్టా లేనట్టా అని ఒకాయన రాసిన కాసిని పేజీలతో తర్కశాస్త్రం రూపమే మారిపోయింది. నవ్వకండి. నేను బోర్డు మీద వేసే గుర్తులు, పిల్లలు తలగోక్కునే సూత్రాలు చాలావరకు అలాంటి తగాదాల్లోనే పదునెక్కాయి. మా వైపు చేనుగట్టు మీద తగాదా పడితే కోర్టు కేసు పుడుతుంది. వాళ్లు పడితే శాస్త్రం పుట్టింది.

శాస్త్రం సరే, మా శాఖకు పిల్లలు కావాలి కదా. తత్వశాస్త్రం ఎవరు తీసుకుంటారు? మిగతావాటిలో సీటు రానివాళ్లు. వాళ్లలో ఒకమ్మాయిది కోసిగి అనే కరువు ఊరు. వానలు మొహం చాటేస్తే వాళ్ల అమ్మానాన్నలు ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. కాలేజీలో పేరుంటేనే ఆ పిల్లకు హాస్టల్లో చోటు. శాఖ మూతపడితే నడి ఏడాదిలో ఇంకో శాఖలో చేర్చుకోరు. పేరు పోతుంది, హాస్టలు పోతుంది, ఆ పిల్ల కూడా మిరప చేలోకి పోతుంది. ఈ సంగతి తనకు తెలుసు, నాకు తెలుసు. పైవాళ్లు తెలుసుకోవాలనుకోరు.

తనిఖీలో క్లాసులో తలలు తక్కువగా కనబడితే శాఖ మూసేస్తారు. అందుకే మా కాలేజీలో ఒక పద్ధతి ఉంది, పిల్లల్ని అరువు తెచ్చుకోవడం. ఆ రోజు చరిత్ర క్లాసులో సగంమంది మా గదిలో కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా గంభీరంగా తలలూపుతారు. వాళ్ల తనిఖీకి మా పిల్లలు పోయి యుద్ధాల గురించి తలలూపుతారు. పై ఆఫీసులో ఒకాయన ముందురోజు ఫోన్ చేసి "రేపు వస్తాండారప్పా" అని చెబుతాడు. ఇదంతా అందరికీ తెలిసిందే, తనిఖీకి వచ్చేవాళ్లతో సహా.

ఈసారి సర్క్యులర్ వేరుగా వచ్చింది. వచ్చే వారం సోమవారం నుంచి శుక్రవారం లోపు ఏదో ఒక రోజు వస్తామని, ఏ రోజన్నది ముందురోజు సాయంత్రానికి కూడా మీకు తెలియదని. ఫోన్ చేసే మనిషికీ తెలియలేదు. చరిత్ర సారు మొహమాటం లేకుండా చెప్పేశారు. "ఒక్క దినమైతే ఇస్తా మేడమ్. వారమంతా నా పిల్లోల్ని మీకిచ్చేస్తే నా క్లాసులో ఎవురు కూసుంటారు?"

మా శాఖాధిపతిని పెద్దసారు అంటాం. ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. నా నోరు ఊరుకోదు కదా, ఆయన దిగులు చూడలేక, ఆ పత్రికలో చాలాకాలం నడిచిన ఒక తగాదా చెప్పాను. "వాళ్లు శుక్రవారం రాలేరు సార్. గురువారం సాయంత్రం దాకా రాలేదంటే ఇక రేపేనని మనకు తెలిసిపోతుంది. ముందురోజు తెలియదన్నారు కదా, కాబట్టి శుక్రవారం కొట్టేయండి. ఇక ఆఖరిది గురువారం. బుధవారం సాయంత్రానికి అదీ తెలిసిపోతుంది, అదీ కొట్టేయండి. ఇలా సోమవారం దాకా."

పెద్దసారు వేళ్లు మడుస్తూ మళ్లీ మొదటినుంచి వచ్చారు. ముఖం వెలిగిపోయింది.

"అంటే, రారు!"

"అయ్యో, ఇది చిక్కుముడి సార్. ఇందులో తప్పెక్కడుందో..."

"తప్పు యాడుండాది? అంతమంది దొరలు ఇన్నేండ్లు ఎతికి కొట్టుకుంటాండారని నువ్వే చెప్తాండావు. మనకు దొరుకుతాదా?"

ఆయన తర్కం చదివిన మనిషి. అదే నా ఖర్మ. చదవనివాడైతే నా మాట చెవిన పెట్టేవాడే కాదు. పెద్దసారు అప్పటికప్పుడే చరిత్ర సారు దగ్గరకు పోయి, "నీ పిల్లోల్లు మాకొద్దప్పా, తేలిపోయింది" అని చెప్పి వచ్చారు.

బుధవారం వచ్చారు.

అప్పుడు నేను క్లాసులో ఆ చిక్కుముడే చెబుతున్నాను. గదిలో పిల్లలకంటే బల్లలే ఎక్కువ. గుమ్మంలో తనిఖీ కమిటీ కనబడింది. వాళ్ల వెనక పెద్దసారు నిలబడి, రామని ఒట్టేసినవాళ్లే వచ్చి మోసం చేసినట్టు చూస్తున్నారు. కమిటీ పెద్దాయన బోర్డు మీద కొట్టేసిన వారాల పేర్లు చూసి, ఏమిటిదని అడిగారు. కోసిగి పిల్ల లేచింది.

"మీరు ఈ వారం రాలేరని రుజువు సార్."

"వచ్చాం కదమ్మా?"

"రారని రుజువయినందుకే మేమెవురూ మీకోసం ఎదురుచూడల్యా సార్. మీరు చెప్పినట్టే, మాకు తెలీకుండా వచ్చినారు. మా రుజువు మీకే పనికొచ్చింది."

పెద్దాయన పగలబడి నవ్వారు. వెనక బల్లమీద కూర్చుని గంట కొట్టేదాకా విన్నారు. ఆ పిల్లను ఎత్తుకుని గిరగిరా తిప్పాలనిపించింది నాకు. పోతూ పోతూ కమిటీ పెద్దాయన, ఇలాంటి క్లాసు జిల్లాలో ఎక్కడా చూడలేదన్నారు. నివేదికలోనూ అదే రాశారు. బోధన అత్యుత్తమం. విద్యార్థిని ప్రతిభ ప్రశంసనీయం. విద్యార్థులు తగినంతమంది లేనందున శాఖను మూసివేయవచ్చు. ఈ మూడూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి.

కొన్నాళ్లకు ఉత్తర్వు వచ్చింది. ఈ విద్యా సంవత్సరం ఆఖరి రోజులోపు ఎప్పుడైనా శాఖను మూసివేస్తారట. ఏ రోజన్నది ముందుగా తెలపరట. పెద్దసారు దాన్ని తెచ్చి నా ముందు పెట్టారు. ఈసారి వేళ్లు మడవలేదు.

దాచి ఏం లాభమని నేనే క్లాసులో చదివి వినిపించాను. ఆ వారమే కోసిగిలో ఆ పిల్ల ఇంటికి తాళం పడింది. నేను చదవడం అయ్యాక ఆ పిల్ల నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

"అట్లయితే వాళ్లు మూసేకి కాదు మేడమ్. ఆఖరి దినం మూయలేరు, ముందురోజే మనకు తెలిసిపోతాది. దాని ముందు దినమూ అంతే..."

లేచి వచ్చి సుద్దముక్క తీసుకుంది. ఆఖరి నెల నుంచి వెనక్కి నెలల పేర్లన్నీ బోర్డు మీద రాసి, ఒక్కొక్కటే కొట్టేయసాగింది.

ఈ రుజువులో తప్పు చూపించాలని ఆ పత్రికలో పెద్దపెద్దవాళ్లు తలలు బద్దలు కొట్టుకున్నారు. ఇన్నేళ్లూ నేనూ పిల్లల్ని ఆ తప్పే వెతకమన్నాను. ఆ రోజు మాత్రం అది ఎవరికీ దొరకకూడదని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. సుద్దముక్క మేమున్న నెల దాకా వచ్చి ఆగింది. ఆ పిల్ల నా వైపు తిరిగి చూసింది.

"అది కూడా కొట్టేయ్" అన్నాను.