వెనక చక్రానికి పోసిన పచ్చ మందు

సర్కారు తుమ్మను కర్ణాటకలో చాలాచోట్ల బళ్ళారి జాలి అంటారు. మా ఊరి పేరును ఇంత దూరం మోసుకుపోయిన ఘనత ఇంకే పెద్దమనిషికీ దక్కలేదు. ఆ చెట్టు ముల్లుకు నా స్కూటరు చక్రం అంటే ప్రాణం. నా ఇల్లు బ్రూస్‌పేటలో, ఉద్యోగం హగరిలో. మధ్య దారిలో ముల్లు దిగని వారం ఉందంటే, ఆ వారం నేను సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నానని అర్థం.

మా వీధి మొదట్లో పంక్చర్లు వేసే భాయ్ ఉన్నాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. నా టైర్లలోంచి పీకిన ముళ్ళన్నిటినీ ఊరగాయ సీసాలో దాచేవాడు. కొత్త గిరాకీ వస్తే దాన్ని గిలక్కాయలా ఆడించి చూపేవాడు.

"చూడప్పా, ఇవన్నీ ఈ ఒక్క సాబ్‌వే. హగరి దారిలో మనం చెప్పుల్లేకుండా నడస్తాండామంటే ఈయన పుణ్యమే. టైరుతో రోడ్డు ఊడుస్తాండాడు పాపం!"

చక్రం తయారయ్యేదాకా నేను ఆయన అంగడి ముందున్న బల్ల మీదే కూర్చుని టీ తాగుతూ లోకాన్ని బాగుచేసేవాణ్ణి. లోకం బాగుపడలేదు కానీ బల్ల నా ఆకారానికి గుంట పడింది.

ఇంతలో కెంచనగుడ్డలో ఉన్న మా బావమరిదికి, పెళ్ళైన పదకొండేళ్ళకు, కొడుకు పుట్టాడు. మా పక్క బిడ్డ పేరును మేనత్త తొట్టి దగ్గర వంగి చెవిలో చెప్పాలి. ఆమె చెప్పిందో లేదో, చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఆమె వీపు మీద దబదబా గుద్దాలి. ఆ గుద్దులు తినడానికి ఇంట్లో ఇద్దరు మేనత్తలు పోటీ. ఒకరు నా భార్య. రెండోవారు ఆమె అక్క, ఆ ఊళ్ళోనే, ఆ వీధిలోనే కాపురం. తమ్ముడు చిన్నక్క వైపే మొగ్గాడు. "సరే, ముహూర్తానికి అది రాకుంటే నేను చెప్తా" అని అక్క ఫోన్లోనే హెచ్చరించింది.

నా భార్య ఒక పేరు ఎంచుకుంది. నాకు కూడా చెప్పలేదు. బిడ్డ చెవికంటే ముందు ఇంకో చెవిలో పడితే పేరు ఎంగిలైపోతుందట.

"బస్సులో పోదాం" అంది.

"స్కూటరే" అన్నాను.

"మీ స్కూటరు మీద పోయిన రెండు పెళ్ళిళ్ళకూ విస్తళ్ళు ఎత్తేటప్పటికి చేరినాం. ఈసారి అట్లయితే మా అక్క పేరు పెట్టేస్తాది. నేను బతికినంత కాలం ఆ పిల్లోణ్ణి ఆమె పెట్టిన పేరుతో పిలవాల. తెలుసునా?"

నాకు తెలుసు. అందుకే పంక్చరు కాకుండా టైరులో పోసే మందు తెచ్చాను. స్పేర్ పార్టుల అంగడాయన నా కళ్ళ ముందే ఒక టైరులోకి జానెడు మేకు కొట్టి, పీకి, చక్రాన్ని గిర్రున తిప్పాడు. చిటికెడు పచ్చ నురుగు వచ్చింది, అంతే, రంధ్రం మూసుకుపోయింది. సముద్రానికి చిల్లు పడినా ఆ సీసా చాలు అనిపించింది.

సీసా మీద సగం ముందుకు, సగం వెనక్కు అని రాసి ఉంది. కొలతలు నాకు గిట్టవు. ఓళిగ మీద నెయ్యి వేసేటప్పుడు ఎవరైనా గీత చూసి వేస్తారా? పైగా బరువంతా వెనక, అంటే నా భార్య కూర్చునే చోట. ప్రేమ ఉన్నచోటే మందు ఉండాలని సీసా మొత్తం వెనక చక్రానికి తాగించాను. ముందు చక్రానికి ఖాళీ సీసా చూపించి ధైర్యం చెప్పాను.

ఈ పని భాయ్‌కి తెలియకుండా పెరట్లో చేశాను. తెలిస్తే ఏమనుకుంటాడు! ఇన్నేళ్ళ స్నేహాన్ని ఒక పచ్చ సీసాకు అమ్మేశానని కదూ! ఆ రోజు నుంచి ఆయన అంగడి ముందు పోకుండా, మూడు సందులు చుట్టి, ఒక ఎనుమును పక్కకు జరగమని రోజూ బతిమాలుకుంటూ పెద్దరోడ్డు ఎక్కేవాణ్ణి. పదిహేను రోజులు ఒక్క పంక్చరూ లేదు. సుఖంగా ఉందా అంటే, లేదు. టీకి రుచి పోయింది.

పేరు పెట్టే రోజు పొద్దున్నే బయల్దేరాం. తెల్ల పంచె, తెల్ల చొక్కా నేను. పట్టుచీర, ఒళ్ళో చెక్కిలాల స్టీలు డబ్బా ఆమె. సిరుగుప్ప దారిలో టీ అంగడి దగ్గర ఆగినప్పుడు చూస్తే వెనక టైరులో మేకు! ఇంకెవరైనా ఏడుస్తారు. నేను పెళ్ళికొడుకులా వెలిగిపోయాను. "అందరూ ఇట్ల రాండప్పా!" అని పిలిచాను. టీ తాగేవాళ్ళు, బస్సుకు నిలబడ్డవాళ్ళు మూగారు. మేకు పీకాను, చక్రం తిప్పాను. నురుగు వచ్చింది, ఆగింది.

"ఏందప్పా ఇది, మాయనా?" అన్నాడొకాయన.

"మాయ కాదు, బుద్ధి" అన్నాను.

ఆ బుద్ధి మీద చిన్న ఉపన్యాసం ఇచ్చాను. చిన్నదంటే, రెండు బస్సులు వచ్చి పోయాయి. నా భార్య చేతి గడియారాన్ని నా ముక్కు ముందు పెట్టాక గానీ ఆగలేదు.

అక్కడినుంచి నాలుగు మైళ్ళు పోయామో లేదో, స్కూటరు ముందువైపు తల వంచింది. దిగి చూస్తే ముందు చక్రం చపాతీ అయింది. అందులో జాలి ముల్లు, నన్ను చూసి నవ్వుతూ. అటు వరి మడి, ఇటు వరి మడి. ముహూర్తానికి ముప్పావు గంట. చెయ్యెత్తితే రెండు లారీలు దుమ్ము కొట్టి పోయాయి.

నా భార్య డబ్బాను గట్టిగా పట్టుకుని, "పదకొండేండ్లు ఆ పిల్లోని కోసం మొక్కినానండీ" అంది మెల్లగా.

ఇక సిగ్గు పడే వేళ కాదు. భాయ్‌కి ఫోన్ చేశాను.

"సాబ్! పదిహేను దినాలాయె, ఒక్క ముల్లు లేదు! ఒంట్లో బాగలేదేమోనని దువా చేస్తాండా!"

ఒప్పుకున్నాను. సీసా, పెరడు, మూడు సందులు, ఎనుము, అన్నీ.

ఆయన పడీపడీ నవ్వాడు. "నాకు తెలుసు సాబ్. మీ బండి వెనక సందులో పోతాంటే గుబగుబమని శబ్దం, కుడితి తాగిన ఎనుము మాదిరి. యాడికి పోతాడు, వస్తాడులే అని ఏమీ అనకుండా సుమ్నె ఉండా. ఇంతకీ మొత్తం వెనకకే పోసినారా?"

"మొత్తం."

"అల్లా! అయితే మంచిదే. సగం ముందరికి మార్చండి. ఖాళీ సీసా ఉండాదా?"

ఉంది. బావమరిది ఊళ్ళో చూపించి గొప్పలు పోదామని సీటు కింద పెట్టుకున్నాను. మూతకు, వాల్వులో గాలిని ఆపే పిన్నును తిప్పి తీసే చిన్న చెవి కూడా ఉంది. గాలి పంపు? నా భార్య సీటెత్తి, అడుగునుంచి కాలిపంపు తీసింది. "మిమ్మల్ని నమ్మి వస్తానా?" అంది.

భాయ్ ఫోన్లో చెప్తుంటే చేశాను. వెనక వాల్వును కిందికి తిప్పాను. చెక్కిలాలు కొంగులోకి, డబ్బా చక్రం కిందికి. "మెల్లగా తిప్పండి సాబ్, మెల్లగా" అని ఆయన అంటూనే ఉన్నాడు. మెల్లగా అన్నది నా ఒంట్లో లేదు. పిన్ను ఊడింది. మందు మూడు వంతుల్లో ఒకటి డబ్బాలో పడింది, ఒకటి నా మీద పడింది, ఒకటి చక్రంలో మిగిలింది. తల నుంచి పంచె దాకా పచ్చబడ్డాను. మడిలో కొంగలు నన్ను కొత్త రకం వరి అనుకున్నట్టు చూశాయి.

డబ్బాలోది సీసాలోకి, సీసాలోది ముందు చక్రంలోకి వెళ్ళింది. పిన్నులు బిగించాక రెండిటికీ ఆమే పంపు కొట్టింది, పట్టుచీర ఎగదోపి. ముల్లు పీకి చక్రం తిప్పాను. నురుగు వచ్చింది. ఆగింది.

"ముల్లు పారేయొద్దు సాబ్" అన్నాడు భాయ్. "నాకు తేండి."

కెంచనగుడ్డ చేరేసరికి వాకిట్లో ఎవరూ లేరు. అందరూ లోపల, తొట్టి చుట్టూ ఉన్నారు. అక్కయ్య కొంగు సర్దుకుని తొట్టిలోకి వంగుతోంది. అప్పుడే గడపలో నేను, నిలువెల్లా పచ్చగా. "అయ్యో దేవరే!" అని ఒక ముసలమ్మ కేక పెట్టింది. అక్కయ్య తల తిప్పి నన్ను చూసి అట్లాగే ఉండిపోయింది. ఆ సందులోంచి నా భార్య దూరి, వంగి, చెవిలో చెప్పేసింది.

ఆ తర్వాత పడ్డాయి చూడండి గుద్దులు! అందరికంటే గట్టిగా అక్కయ్యే గుద్దింది. "లేటుగా వస్తావా! వస్తావా!" అని ఒక్కో మాటకు ఒక్కో గుద్దు. నా భార్య వంగినచోటనే నవ్వుతూ, ఏడుస్తూ ఉంది. లేవమంటే, "ఉండండి, ఇంకా రెండు తింటా" అంది.

మరునాడు భాయ్ బల్ల మీద, నా గుంటలో నేను కూర్చున్నాను. తెచ్చిన ముల్లును ఆయన వెలుతురులో పెట్టి చూశాడు. పచ్చగా ఉంది.

"ఇది మీ అల్లునిది" అని సీసాలో వేయకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నా స్కూటరు రెండు చక్రాలనూ తట్టి విని, "ఇప్పుడు కొలత సరిగ్గా ఉండాది. ఇంక మీకు ముల్లు దిగదు" అన్నాడు, కొంచెం దిగులుగా.

"దిగకపోతే ఏం భాయ్, దారి ఇదే కదా" అని రెండు టీలు చెప్పాను.